చదవడం రాని మనిషిని ‘చదువుకున్నది’ అనొచ్చా?

మల్లెపందిరి
మా అమ్మాయి నాలుగో తరగతి. ‘చదువుకున్న’ అనే మాటతో సొంతవాక్యం రాయమంటే ఇలా రాసింది: “మా అమ్మమ్మ బాగా చదువుకున్నది. ఆమెకు చదవడం రాదు.” టీచర్ రెండింటికీ అడ్డంగా గీత కొట్టి పక్కన ‘అర్థం తప్పు’ అని రాశారు. పిల్ల ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. మార్కు పోయిందని ఏడవలేదు. అమ్మమ్మ గురించి తను రాసింది తప్పెలా అవుతుందని ఏడ్చింది.

నాకూ మనసు చివుక్కుమంది. మా అమ్మ బడి గడప తొక్కలేదు. కానీ వడ్డీ లెక్కలు, కొలతల లెక్కలు నోటితోనే చేసేస్తుంది. ఇద్దరు తగవు పడితే మధ్యన కూర్చుని ఇద్దరూ తలూపేలా మాట్లాడుతుంది. ఒకసారి విన్న పద్యం మరిచిపోదు. డిగ్రీ చదివిన నాకు ఇందులో సగం కూడా రాదు. మరి మా ఇద్దరిలో చదువుకున్నది ఎవరు?

టీచర్‌ను కలుద్దామనుకుంటున్నాను. వెళ్ళే ముందు నాకే స్పష్టంగా ఉండాలి. చదువు, విద్య, శిక్షణ, జ్ఞానం... ఇవన్నీ ఒకటేనా? తేడా ఉంటే ఎక్కడుంది?

తెలుగుపంతులమ్మ
నేను ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. నేనైనా గీత కొట్టేదాన్నేమో. సొంతవాక్యంలో మేం చూసేది ఆ మాట వాడుక పిల్లకు తెలిసిందా లేదా అని. ‘చదువుకున్న’ అంటే అక్షరాలు వచ్చి, పుస్తకం పట్టి నేర్చుకున్న అనే అర్థమే అందరి నోటా ఉంది. వెంటనే ‘చదవడం రాదు’ అంటే మొదటి వాక్యం నిలబడదు.

అయితే గీత కొట్టి ఊరుకోవడం నాకు నచ్చలేదు. ఆ పిల్ల ఏదో చెప్పాలని చూసింది. ఏం చెప్పాలనుకున్నావమ్మా అని అడిగి, దానికి సరిపోయే మాట వెతికి ఇవ్వాల్సింది. కట్టలకొద్దీ నోట్సులు ముందేసుకుని దిద్దేటప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. నేనూ చేశాను.

చివరిబెంచీ
నేనైతే పదికి పది వేసేవాణ్ణి. రెండు వాక్యాలతో ఇంతమంది పెద్దవాళ్ళను కూర్చోబెట్టింది ఆ పిల్ల.

చేతిపని
అందరూ ‘చదువు’ను పట్టుకుని లాగుతున్నారు. ‘విద్య’ను చూడండి, అది చదువు కంటే చాలా వెడల్పు. విలువిద్య, గారడీ విద్య, కులవిద్య, ఆఖరికి దొంగతనాన్ని కూడా చోరవిద్య అన్నారు. వీటిలో దేనికీ పుస్తకం అక్కర్లేదు. ‘కోటి విద్యలు కూటి కొరకే’ అన్నప్పుడు కోటి డిగ్రీలని ఎవరూ అనుకోరు.

నాది చెక్కపని. కుర్రాళ్ళకు నేర్పుతాను కూడా. మా నాన్నకు సంతకం తప్ప ఇంకేమీ రాయడం రాదు. దుంగ మీద అరచేయి పెట్టి, ఇది ఎండాక ఎటు వంగుతుందో చెప్పేవాడు. చెప్పినట్టే వంగేది. ఆయన విద్య ఉన్న మనిషి. ‘చదువుకున్నవాడు’ అంటే మాత్రం ఆయనే ఒప్పుకునేవాడు కాదు.

నిఘంటువు_పురుగు
చేతిపని గారు చెప్పింది సరైనదే. ‘విద్య’కు మూలం సంస్కృతంలో ‘విద్’ అనే ధాతువు, తెలుసుకోవడం అని అర్థం. వేదం, విద్వాంసుడు, శాస్త్రవేత్తలోని ‘వేత్త’ అన్నీ ఆ ఇంటి పిల్లలే. వైద్యుడు కూడా. తెలిసిందా లేదా అన్నదే ఆ మాటకు కావాలి, పుస్తకంలో తెలిసిందా చేతితో తెలిసిందా అన్నది దానికి పట్టదు.

‘చదువు’ అచ్చతెలుగు. క్రియా అదే, నామవాచకమూ అదే. పాత వాడుకలో దానికి కంటితో కంటే నోటితో చుట్టరికం ఎక్కువ. పెళ్ళిలో కట్నాలు ‘చదివించడం’ గుర్తు తెచ్చుకోండి. ఎవరు ఏమిచ్చారో అందరికీ వినబడేలా పైకి చెప్పేవారు కాబట్టే అవి చదివింపులు. పాత కావ్యాల్లో వేదాలను ‘ప్రాజదువులు’ అన్నారు, అంటే పాత చదువులు. వేదం గురువు పలికితే విని, తిరిగి పలికి నేర్చుకునేది. పుస్తకం చూసి నేర్చేది కాదు. ఆ లెక్కన ఒకసారి విన్న పద్యం మరిచిపోని అమ్మమ్మ చదువరే.

చివరిబెంచీ
అయితే మా పెళ్ళిలో మైకు పట్టుకుని అన్నీ గుక్క తిప్పుకోకుండా చదివిన మా బాబాయి మహాచదువరి!

తెలుగుపంతులమ్మ
నిఘంటువు గారూ, వందల ఏళ్ళ కిందటి అర్థంతో ఇవాళ్టి నోట్సు దిద్దలేం కదా. ‘సాహసం’ పాత ధర్మశాస్త్రాల్లో నేరం పేరు. బలాత్కారంగా చేసే పనిని అలా అనేవారు. ఇవాళ అది మెచ్చుకోలు మాట. పిల్ల ఎవరైనా ‘సాహసం చేసినవాణ్ణి జైల్లో పెట్టాలి’ అని రాస్తే మీరు ఒప్పుకుంటారా?

నిఘంటువు_పురుగు
ఒప్పుకోను. అది మంచి ఉదాహరణ.

రాత్రిబడి
ఇక్కడ అందరూ ప్రేమతోనే మాట్లాడుతున్నారు. అయినా నాకు కష్టంగా ఉంది, చెప్పేస్తాను.

పెద్దవాళ్ళకు రాయడం చదవడం నేర్పే పని చేస్తాను, పదకొండేళ్ళుగా. నేను ఈ పనిలోకి వచ్చింది మా అమ్మ వల్ల. మా అమ్మ కూడా తెలివైన మనిషే. నోటి లెక్కలు, జ్ఞాపకశక్తి, మాటతీరు అన్నీ ఉన్నాయి. నాన్న పోయాక బంధువొకరు కాగితం తెచ్చి ‘వదినా, పింఛను కోసం’ అంటే వేలిముద్ర వేసింది. అది పింఛను కాగితం కాదు, ఇంట్లో తన వాటా వదులుకుంటున్నట్టు రాసిన కాగితం. ఊరంతా ఆమెను ‘చదువుకోకపోయినా ఎంత తెలివైందో’ అని మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు ఆ రోజు అక్కరకు రాలేదు.

అందుకే ‘చదవడం రాకపోయినా చదువుకున్నదే’ అనే మాట వింటే నాకు భయం. రాని మనిషికి రానిదేమిటో దాచేస్తుంది ఆ మాట. అందరూ అలా మెచ్చుకుంటూ ఉంటే ఆమెకు నేర్పాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మా అమ్మకు మేం నలుగురు పిల్లలం, నలుగురం బడికి వెళ్ళాం. ఒక్కరం కూడా ఆమెకు ‘అ’ రాసి చూపించలేదు.

మల్లెపందిరి
మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఏం జవాబు రాయాలో తెలియడం లేదు. నేను కూడా మా అమ్మకు ఎప్పుడూ చూపించలేదు.

పచ్చసిరా
రాత్రిబడి గారి బాధ అర్థమైంది. కానీ దానికి పేరు ‘అక్షరాస్యత’. చదువు వేరు. రెండూ కలిపేస్తే, అక్షరాలు వచ్చినవాళ్ళంతా చదువుకున్నవాళ్ళని ఒప్పుకోవాలి. బండి మీద వెళుతూ రోడ్డు మీదికి చెత్త విసిరేవాళ్ళకు అక్షరాలు రావా?

రాత్రిబడి
ఆ తేడా నాకూ తెలుసండి. జనగణనలో 1991 నుంచి లెక్క ఇది: ఏడేళ్ళు, ఆపైన వయసున్నవాళ్ళు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యులు. చదవడం వచ్చి రాయడం రాకపోతే లెక్కలోకి రారు. బడికి వెళ్ళి ఉండాలన్న షరతు లేదు. అంటే బడికి వెళ్ళకుండానే అక్షరాస్యులు కావచ్చు. అలాగే బడికి వెళ్ళి కూడా కాకపోవచ్చు, అలాంటివాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. నేను అక్షరమే చదువంతా అనడం లేదు. చదువు ఇంటికి అది వాకిలి, వాకిలి లేకుండా ఇల్లు ఎంత బాగుందో చెప్పకండి అంటున్నాను.

నిఘంటువు_పురుగు
‘అక్షరాస్యత’లో ఉన్నది అక్షరం, ఆస్యం. ఆస్యం అంటే నోరు. నోట అక్షరం ఉన్నవాడు అక్షరాస్యుడు. ఈ మాట కూడా నోటి దగ్గరికే వచ్చి ఆగింది చూడండి. హిందీలో సాక్షరత అంటారు. ‘సాక్షరాః’ అనే మాటను తిరగేసి చదివితే ‘రాక్షసాః’ అవుతుందని సంస్కృతంలో ఒక చమత్కారం ఉంది. అక్షరాలు వచ్చినవాడు అడ్డం తిరిగితే రాక్షసుడే అని. పచ్చసిరా గారి చెత్త మనుషులకు సరిపోతుంది.

అనువాదకుడు
ప్రభుత్వ పథకాల తెలుగు కాగితాలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఒక సంగతి. 2001లో సర్వ శిక్షా అభియాన్ వచ్చింది, 2018లో సమగ్ర శిక్ష అయింది. హిందీలో శిక్ష అంటే విద్య. ఆ పేరును తెలుగువాడు మొదటిసారి వింటే ‘అందరికీ శిక్ష’, ‘పూర్తి శిక్ష’ అని అర్థమవుతుంది. మనకు శిక్ష అంటే జైలో బెత్తమో. ఒకే మాట అక్కడ బడికి, ఇక్కడ జైలుకు ఎలా వెళ్ళింది?

నిఘంటువు_పురుగు
ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను. ‘శక్’ అంటే చేయగలగడం, ‘శక్తి’లో ఉన్నది అదే. దాని కోరిక రూపం ‘శిక్ష్’. చేయగలగాలని కోరుకోవడం అన్నమాట. శిక్షకు మొదటి అర్థం అదీ. వేదాంగాల్లో ఉచ్చారణ నేర్పే శాస్త్రం పేరు కూడా శిక్షే. తెలుగులో ఆ అర్థం పూర్తిగా పోలేదు, పెద్ద బాలశిక్షలో ఉన్నది ఆ శిక్షే కదా. శిక్షణలోనూ మిగిలింది.

దండన అర్థం మన ఒక్కరిదే కాదు. మరాఠీ, కన్నడం, మలయాళం వాళ్ళకు కూడా శిక్ష అంటే దండనే. నేర్పడానికి కొట్టేవారు, కొట్టడమే మిగిలింది, నేర్పడం జారిపోయింది అని నేను అనుకుంటాను.

చివరిబెంచీ
శిక్ష ఒక్కటే ఏమిటి! ‘నీకు పాఠం చెప్తా’, ‘బుద్ధి చెప్తా’, ‘గుణపాఠం నేర్పుతా’. ఇవన్నీ బెదిరింపులే. తెలుగులో నేర్పుతాననే మాట ఎవరైనా కోపంగా అంటే పక్కకు తప్పుకోవాలి.

నిఘంటువు_పురుగు
‘తగిన శాస్తి’ కూడా కలపండి. శాస్తి, శాసనం, శాస్త్రం, శిష్యుడు నాలుగూ ‘శాస్’ ధాతువు నుంచే.

తెలుగుపంతులమ్మ
నవ్వుతూ చదువుతున్నా గుండెలో గుచ్చుకుంది ఇది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బెత్తం లేకుండా క్లాసుకు వెళ్ళేదాన్ని కాదు. 2009 విద్యా హక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నేను బెత్తం వదిలింది మాత్రం చట్టం చూసి కాదు. ఒకరోజు క్లాసులో ‘శిక్ష’తో సొంతవాక్యం చెప్పమంటే ఒక పిల్లవాడు లేచి నా వైపు చూసి, నోరు తెరవలేక అలాగే నిలబడిపోయాడు. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

మల్లెపందిరి
పంతులమ్మ గారూ, ఇంతమంది ముందు ఇలా చెప్పుకోవడం సులువు కాదు. మా అమ్మాయి టీచర్ మీద నాకున్న కోపం కాస్త తగ్గింది.

సగంపుస్తకం
కొత్తగా చేరాను. ఇంగ్లీషు ఎడ్యుకేషన్ అనే మాటకు లాటిన్ మూలం ‘బయటికి తీయడం’ అని ఎక్కడో విన్నాను. పిల్లలో ఉన్నదాన్ని బయటికి తీయడం. ఎంత బాగుంది! మనకు అలాంటి మాట లేదా?

అనువాదకుడు
అది ఉపన్యాసాల్లో ఎక్కువగా వినిపించే మాట. లాటిన్‌లో రెండు క్రియలున్నాయి. ఎడ్యుకేర్ అంటే పెంచడం, సాకడం. ఎడ్యూసెరె అంటే బయటికి నడిపించడం. రెండూ చుట్టాలే. కానీ ఎడ్యుకేషన్ నేరుగా వచ్చింది మొదటిదాని నుంచి. అంటే పెంపకం. పెంపకం మనకూ ఉంది, మంచి మాట. స్కూల్ అనే మాటకు గ్రీకు మూలం ‘స్ఖోలే’, దాని అర్థం తీరిక.

చివరిబెంచీ
తీరికా! ఈ మాట పొద్దున్నే మోయలేని సంచీ తగిలించుకుని వెళ్ళే పిల్లలకు చెప్పకండి, నమ్మరు.

నిఘంటువు_పురుగు
మన మాటల్లో నాకు బాగా ఇష్టమైన గుట్టు ఒకటి చెబుతాను. చదువు మాటల్లో చాలావరకు నీళ్ళలో తడిసినవే.

ఉత్తీర్ణుడు అంటే దాటినవాడు. ఏటిని దాటినట్టు. పారంగతుడు అంటే అవతలి ఒడ్డు చేరినవాడు. నిష్ణాతుడు అంటే బాగా మునిగి స్నానం చేసినవాడు. చదువు ముగించి స్నానం చేసినవాడు స్నాతకుడు, అందుకే పట్టాలిచ్చే పండగ స్నాతకోత్సవం. ఒకే గురువు దగ్గర చదివినవాళ్ళు సతీర్థులు, ఒకే రేవువాళ్ళన్నమాట. తీర్థం అంటే నీటిలోకి దిగే రేవు, గురువును కూడా తీర్థం అన్నారు.

సంస్కృతం రాని మనిషి కూడా పరీక్ష పాసైతే ఏమంటాడు? ‘గట్టెక్కాను’ అంటాడు. ఎవరూ చెప్పకుండానే అదే నీళ్ళు, అదే ఒడ్డు.

సగంపుస్తకం
ఒళ్ళు పులకరించింది. గట్టెక్కడం రోజూ అనే మాటే, ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు.

చేతిపని
మరి మునిగితే ఫెయిలు కదా, నిష్ణాతుడు ఎలా అయ్యాడు?

నిఘంటువు_పురుగు
మునిగి తేలాలి.

చివరిబెంచీ
ఫెయిల్ అంటే గుర్తొచ్చింది. తెలుగులో దాన్ని ‘తప్పడం’ అంటాం. ‘పరీక్ష తప్పాడు’ అనేవారు ముందు. రానురాను ‘పది తప్పాడు’ అయింది. తర్వాత ‘వాడు పది తప్పినవాడు’. మనిషికే అంటుకుపోయింది. నేను రెండుసార్లు లెక్కల్లో తప్పాను. మూడోసారి గట్టెక్కాను, ఇప్పుడు లెక్కల మీదే నా ఉద్యోగం. అయినా ఊళ్ళో పెద్దాయన ఒకరు నన్ను చూపిస్తూ ఇప్పటికీ ‘అప్పట్లో పది తప్పాడే, ఆ అబ్బాయి’ అంటారు. ‘పరీక్ష’ అనే మాటలో ఈ కోపం లేదు కదా?

నిఘంటువు_పురుగు
లేదు. పరి అంటే చుట్టూ, ఈక్ష అంటే చూడటం. అన్ని వైపుల నుంచీ చూడటమే పరీక్ష. మూడు గంటల్లో ఒక వైపు నుంచి మాత్రమే చూసేదానికి అదే పేరు పెట్టుకున్నాం.

సగంపుస్తకం
గురువు అంటే ‘గు’ చీకటి, ‘రు’ పోగొట్టేవాడు అని మా టీచర్ చెప్పేవారు. అది నిజమేనా?

నిఘంటువు_పురుగు
అది భక్తితో చెప్పుకునే వివరణ, పాతదే. వ్యాకరణం ప్రకారం గురువు అంటే బరువైనది, దానికి ఎదురు లఘువు. ఛందస్సులో గురులఘువులు గుర్తున్నాయిగా, అదే గురువు.

తెలుగుపంతులమ్మ
నాకు ‘ఒజ్జ’ ఇష్టం. ఉపాధ్యాయుడు అనే మాటే ప్రాకృతం మీదుగా అరిగి అరిగి ఒజ్జ అయింది. పిల్లలు చూసి దిద్దుకోవడానికి ఒజ్జ రాసిచ్చే వరస ఒజ్జబంతి, మేలుబంతి, ఒరవడి. ఇప్పుడు ‘కొత్త ఒరవడి సృష్టించాడు’ అని పేపర్లో చదువుతాం. అది ఒకప్పుడు చంటిపిల్ల వేలు పట్టుకుని దిద్దించిన గీత అని ఎంతమందికి గుర్తుంది?

ఓనమాలు కూడా అంతే. ‘ఓం నమః శివాయ’లోని ముక్కలు అవి. దిద్దుతూ దిద్దుతూ ఉండగా ప్రార్థన కాస్తా అక్షరాల పేరైపోయింది.

పచ్చసిరా
అవి జైనుల ‘ఓం నమః సిద్ధం’ నుంచి వచ్చాయని కూడా ఒక వాదన ఉంది. మన పాత ఓనమాలకు చివర ‘సిద్ధం నమః’ ఉండేది, దాన్ని అందుకు ఆధారంగా చూపిస్తారు.

తెలుగుపంతులమ్మ
ఆ వాదన తెలుసు. తమిళంలో బడిని పళ్ళి అంటారు, ఆ మాటకు జైన బౌద్ధ మఠమనే అర్థం కూడా ఉంది. వాళ్ళ దగ్గర చదువుకున్న గుర్తులు మన మాటల్లో ఉంటే ఆశ్చర్యమేముంది.

రాత్రిబడి
మాటల కథలు బాగున్నాయి. కానీ మొదటి ప్రశ్న పక్కకు పోయింది. మల్లెపందిరి గారూ, ఒక్కటి అడుగుతాను, నొచ్చుకోవద్దు. ఆ రెండు వాక్యాల గురించి మీ అమ్మగారిని అడిగారా? మనవరాలు ఒకటి అంది, టీచర్ ఒకటి అన్నారు, మనం ఇంతమంది ఇన్ని అన్నాం. తను చదువుకున్నానని ఆమె అనుకుంటోందా?

మల్లెపందిరి
అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఆదివారం వస్తుంది, అడుగుతాను.

పచ్చసిరా
ఈలోగా నా మాట. తెలుగులో చదువును ఒంటరిగా వదలం, గమనించారా? చదువు సంధ్యలు, విద్యాబుద్ధులు, చదువు సంస్కారం. ఎప్పుడూ పక్కన ఒక తోడు. చదువుతోనే అంతా వచ్చేస్తే ‘బుద్ధి’ని విడిగా చెప్పుకోనక్కర్లేదు. ‘చదవేస్తే ఉన్న మతి పోయింది’ అన్న సామెత కూడా మనదే. ప్రహ్లాదుడి కథ చూడండి. తండ్రి కోరి చదివించిన చదువు ఒకటి, పిల్లవాడికి అబ్బినది ఇంకొకటి.

అనువాదకుడు
మాట మారితే చూపు మారుతుందనడానికి ఒక ఉదాహరణ. కేంద్రంలో విద్యా మంత్రిత్వ శాఖను 1985లో మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ చేశారు. 2020లో మళ్ళీ విద్యా మంత్రిత్వ శాఖ అయింది. మధ్యలో ముప్పై అయిదేళ్ళు. ఆ కాలంలో పుట్టి చదువు ముగించిన తరం నాది. కాగితాల మీద మేం వనరులం. బొగ్గు, ఇనుము లాగా తవ్వి వాడుకునేవి వనరులు. పిల్లను అలా పిలిచిన రోజులు పోయినందుకు నాకు నిజంగా సంతోషం.

చేతిపని
పేరు మారింది. ‘ఈ కోర్సు చేస్తే ఎంతొస్తుంది’ అనే ప్రశ్న మారిందా?

సగంపుస్తకం
అందుకే కదా, చదువుకొనడం కాస్తా చదువు కొనడం అయింది అంటారు.

నిఘంటువు_పురుగు
సగంపుస్తకం గారి మాట వినీవినీ అరిగిపోయినదే, కానీ అందులోని ‘కొను’ దగ్గర ఆగాలి. ఈ చర్చకు అసలు తాళం అక్కడుంది.

‘చదివాడు’, ‘చదువుకున్నాడు’ వేరు. వండాడు, వండుకున్నాడు లాగే. ‘కొను’ చేరితే ఆ పని ఫలం చేసినవాడికే దక్కుతుంది. పేపరు చదివాడు, పక్కన పడేశాడు. చదువుకున్నాడు అంటే ఆ చదివింది తనలో నిలిచింది. నేర్చుకోవడం, తెలుసుకోవడం, అర్థం చేసుకోవడం... ఇలాంటి మాటల వెనక ఈ ‘కొను’ ఉంటుంది. మీ అమ్మాయి చెవికి ‘చదువుకున్న’లో ‘తనలో నిలుపుకున్న’ అనే ముక్క బలంగా వినబడి ఉంటుంది. టీచర్‌కు ‘చదువు’ అనే ముక్క వినబడింది.

పచ్చసిరా
ఇది విన్నాక నేను పదికి పది వైపు.

తెలుగుపంతులమ్మ
వివరణ అందంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ అర్థం చెప్పడానికి తెలుగులో ఇంకా తేలికైన మాట ఉందిగా. ‘వచ్చు’. నాకు ఈత వచ్చు, లెక్కలు వచ్చు, పద్యాలు వచ్చు. ‘తెలుసు’ అంటే సంగతి తెలియడం, ‘వచ్చు’ అంటే పని చేతికి రావడం. ఈత గురించి తెలిసినవాళ్ళందరికీ ఈత రాదు. ఆ మాటలో బడి, పుస్తకం, డిగ్రీ ఏవీ లేవు. విద్య నడిచి మనిషి దగ్గరికి వస్తుంది, అంతే. ‘మా అమ్మమ్మకు చాలా వచ్చు. చదవడం మాత్రం రాదు’ అని రాస్తే ఎవరూ గీత కొట్టలేరు.

చివరిబెంచీ
అబ్బింది, వంటబట్టింది, తలకెక్కింది కూడా ఉన్నాయి. నాకు లెక్కలు వంటబట్టడానికి మూడేళ్ళు పట్టింది.

చేతిపని
ఇంకో తేడా చెబుతాను. చదువును ‘చెబుతారు’, పనిని ‘నేర్పుతారు’. ‘మాస్టారు పాఠం చెప్పారు’ అంటాం. ‘మా నాన్న నాకు చెక్కపని చెప్పాడు’ అని ఎవరూ అనరు. నేర్పాడు అంటాం. ‘నేర్పు’ అంటేనే పనితనం. చెప్పింది చెవిలోకి పోతుంది, నేర్పింది చేతిలోకి వస్తుంది. మా కుర్రాళ్ళకు నేను నోటితో చెప్పేది తక్కువ. పక్కన నిలబెట్టుకుని చేస్తాను, వాళ్ళు చూస్తారు. తర్వాత వాళ్ళు చేస్తారు, నేను చూస్తాను.

తెలుగుపంతులమ్మ
చేతిపని గారూ, ఈ ముక్క రేపు మా స్టాఫ్ రూమ్‌లో చెబుతాను. మేం చెప్పడమే చేస్తున్నాం.

రాత్రిబడి
నా దగ్గరికి వచ్చేవాళ్ళు మొదటి రోజు అనే మాట ఎప్పుడూ ఒకటే: ‘నాకు చదువు రాదమ్మా, రాలేదు’. చదువే తమ దగ్గరికి రాకుండా పోయింది అన్నట్టు అంటారు. నిజమే కదా, చాలామంది దగ్గరికి అది రాలేదు. రానివ్వలేదు కూడా. ఆడపిల్లవనో, కులం పేరు చెప్పో గుమ్మం బయటే ఆపేశారు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ చదువు హక్కు అని రాజ్యాంగంలోకి 21ఏ అధికరణం చేరింది 2002లో. ఇప్పుడు అరవై దాటినవాళ్ళకు అది ఏ విధంగా పనికొస్తుంది?

మల్లెపందిరి
ఆదివారం అమ్మ వచ్చింది. నోట్సు చూపించి, గీత కొట్టింది, ఏం రాసింది అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“పంతులమ్మ కొట్టింది సరే. నాకు పని వచ్చు, మాట వచ్చు. చదువు రాదు. రెండూ కలిపి నన్ను మురిపించకండి. మందుల అట్టలు రంగు చూసి గుర్తు పెట్టుకుంటాను. మొన్న కంపెనీ మార్చి వేరే రంగుది ఇచ్చారు. రెండు రోజులు ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలీక అసలు వేసుకోలేదు. నీకు చెబితే కంగారు పడతావని చెప్పలేదు.”

నాకు నోట మాట రాలేదు. ఆమెకు బీపీ ఉంది. రంగు చూసి వేసుకుంటోందని కూతురినై ఉండి నాకు తెలియదు. రాత్రిబడి గారూ, మీరు అడగమనకపోతే ఇప్పటికీ తెలిసేది కాదు.

రాత్రిబడి
చెప్పింది కదా, అదే చాలు. ముందు ఆ అట్టల మీద పొద్దున, రాత్రి అని తేడా తెలిసేలా సూర్యుడు, చంద్రుడి బొమ్మలు వేసి ఇవ్వండి, ఇవాళే. నేర్పడం తర్వాత. ఆమెకు ఇష్టమైతేనే మొదలుపెట్టండి. పెద్దవాళ్ళకు ‘అ ఆ’తో మొదలుపెట్టకండి, తన పేరుతో మొదలుపెట్టండి. తన పేరులో ఉన్న అక్షరాలతో ఇంకేం మాటలు వస్తాయో చూపించండి. త్వరగా అందుతుంది.

పచ్చసిరా
నేను ముందు రాసినవాటిలో అక్షరాస్యతను తక్కువ చేసి మాట్లాడాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిఘంటువు_పురుగు
అమ్మగారు చెప్పిన తేడా నా నిఘంటువుల్లో ఇంత సూటిగా లేదు.

సగంపుస్తకం
పాప ఏమంది?

మల్లెపందిరి
అమ్మమ్మ మాట్లాడుతున్నంతసేపూ పక్కనే కూర్చుని వింది. తర్వాత మందుల అట్టలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటీ పైకి చదివింది. అమ్మ ఏది ఎప్పటిదో చెబుతుంటే పాప బొమ్మలు వేసింది. రాత్రి నోట్సు తీసి, గీత కొట్టిన వాక్యాల కింద కొత్తది రాసుకుంది. నన్ను అడగలేదు, నేను దిద్దలేదు.

“మా అమ్మమ్మకు చాలా వచ్చు. చదవడం రాదు. నేను చదువుకున్న తర్వాత ఆమెకు చదివిపెడుతున్నాను.”

నిఘంటువు_పురుగు
‘కొను’ పక్కనే ‘పెట్టు’! తన కోసమైతే చదువుకోవడం, ఇంకొకరి కోసమైతే చదివిపెట్టడం. నేను రెండోది రాయడమే మరిచిపోయాను.

తెలుగుపంతులమ్మ
ఈ నోట్సు నా దగ్గరికి వచ్చి ఉంటే బాగుండేది. టీచర్‌ను కలిశారా?

మల్లెపందిరి
ఇంకా లేదు. సోమవారం నోట్సు ఇవ్వాలట. నేను రానా అంటే వద్దంది, తనే చూపిస్తానంది.